కట్టు ఎవలు కట్టిన్రు?

సన్మాన సభలంటే నాకెంత గిట్టదో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. శాలువా, మెమెంటో, గంటన్నర ఆలస్యంగా దిగే ముఖ్య అతిథి. ఈ వారం భువనగిరి వైపు ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు రిటైరవుతున్నారంటే మొహమాటానికి వెళ్లాను. వేదిక మీది పెద్దలంతా వరసపెట్టి ఆమెను దేవత అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దేవతకు నైట్ డ్యూటీ ఉండదు, సెలవు చీటీ అక్కర్లేదు, నడుము నొయ్యదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని భారతీయ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రి పది దాటాక ఏదైనా వార్డుకు వెళ్లి మంచాలు లెక్కపెట్టి చూడండి. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చినప్పుడు నేను సంబరపడ్డది అందుకే. ఎన్ని శాలువాలు కప్పితే ఆ పని అవుతుంది?

యాదగిరిగుట్ట నీడన పెరిగినవాళ్లకు దేవుణ్నీ వైద్యాన్నీ కలిపి చెప్పుకోవడం అలవాటే. మా యాదగిరి నరసింహుడికి వైద్య నరసింహుడని పేరు. మందులకు లొంగని జబ్బులవాళ్లు మండలం పాటు కొండ మీదే ఉండి ప్రదక్షిణలు చేసేవాళ్లు. స్వామి కలలోకొచ్చి మందిస్తాడని, అవసరమైతే కోసి నయం చేసి పోతాడని నమ్మకం. మా వాడకట్టులో ఒకావిడ అట్లా నయమై దిగివచ్చి, కలలో స్వామి కడుపు కోసిన సంగతి అరుగు మీద కూర్చుని చెబుతుంటే ఆడవాళ్లంతా చేతులు జోడించారు. మా నాయనమ్మ కూడా జోడించింది. జోడించి, "స్వామి కోసిండు, మంచిదే. మరి కట్టు ఎవలు కట్టిన్రు? తెల్లారేదాక పక్కపొంటి ఎవలు కూసున్నరు?" అంది.

ఆమె అడగాల్సిందే. తాత మంచాన పడ్డప్పుడు పొద్దుకు ఇన్నిసార్లని ఆయన్ను పక్కకు తిప్పి, వీపు తుడిచి, దుప్పటి ముడతలు సరిచేసి, ఒక్క పుండు పడనీయకుండా చూసుకున్నది ఆమె. తాత లేచి తిరిగాక ఊరంతా డాక్టరు హస్తవాసి మంచిదంది.

సభలో నాయనమ్మ ప్రశ్నకు జవాబు లాంటిది ఒకటి దొరికింది. చివర్లో, మైకు కట్టేసే ముందు, ఒక చిన్న నర్సును మాట్లాడమన్నారు. ఆ అమ్మాయి దేవత ఊసే ఎత్తలేదు. "మేడమ్ క్యాన్యులా పెడితే టేపు కొసను కొంచెం మడిచి అంటిస్తరు. దాని మీద తారీఖు రాస్తరు. తర్వాత డ్యూటీల తీసేటోళ్లకు గోటితోని గీకే పని ఉండదు. ముసలోళ్ల తోలు లేచిరాదు. మాకందరికీ అదే నేర్పిన్రు" అని కూర్చుంది. రోగి మీద దయ, తర్వాత వచ్చే సిస్టర్ మీద దయ, రెండూ గోరంత మడతలో ఉన్నాయి. పెద్దల ఉపన్యాసాల్లో ఇది ఒక్కరికీ తట్టలేదు. తట్టదు కూడా. పక్కన నిలబడి పనిచేసిన కళ్లకే ఇలాంటివి కనపడతాయి.

అక్కడే నా పాత కోపం కాస్త తడబడింది. ఇంకో సన్మానం గుర్తొచ్చింది. 2023 జూన్ 22న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము నర్సులకు జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డులు ఇచ్చారు. అందుకున్నవాళ్లలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏఎన్ఎం తేజావత్ సుశీల ఒకరు. గుత్తికోయ గూడేల్లో ఆమె చేసిన సేవ ఆ అవార్డు రాకపోతే నాకూ మీకూ తెలిసేదా? పోస్టులు నింపితే చాలు, పొగడ్తలెందుకని ఇన్నేళ్లూ వాదించిన నేను ఇప్పుడు ఇంకా ఎక్కువ సభలు పెట్టమంటున్నాను. పోస్టుల మాట మాత్రం వదలను.

కాకపోతే నాదో షరతు. మైకు మొదట తోటి నర్సులకూ ఆయాలకూ ఇవ్వాలి, పెద్దలకు టైముంటే చివర్లో చూద్దాం. ముఖ్య అతిథి కోసం మాత్రం ఆగకండి, రెండింటికి నర్సులకు డ్యూటీ మారుతుంది.