ప్యాకింగ్ గీకే చెయ్యి

ఆర్‌ఎక్స్ 100 బైకు బోరు పైకెత్తగానే కింది ఛాంబర్ మీద నల్లగా ఎండి అతుక్కుపోయిన కాగితం కనిపిస్తుంది. బోరు కింది ప్యాకింగ్ అదే. దాన్ని గీకడం షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడి పని అని చాలామంది అనుకుంటారు. నా మటుకు నేను మెకానిక్ పనితనాన్ని అక్కడే కొలుస్తాను.

టూ స్ట్రోక్ బండిలో పెట్రోలు, గాలి కలిసి ముందు కింది ఛాంబర్‌లోకే వస్తాయి. ప్యాకింగ్ కూర్చునే చోట అడ్డంగా ఒక్క గీత పడితే చాలు, అందులోంచి బయటి గాలిని ఇంజిన్ లోపలికి పీల్చుకుంటుంది. మిశ్రమం పలచబడి, ఇంజిన్ వేడెక్కి, మంచి స్పీడులో ఉండగా పిస్టన్ పట్టేస్తుంది. తప్పంతా ఆయిల్ మీదికి పోతుంది.

ఛాంబర్ అల్యూమినియం. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గుంట పడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో నేనెరిగిన ఒక పెద్ద మేస్త్రి దాని జోలికే పోడు. ముందు కనెక్టింగ్ రాడ్ చుట్టూ శుభ్రమైన గుడ్డ కుక్కి ఛాంబర్ నోరు మూసేస్తాడు. థిన్నర్‌లో తడిపిన గుడ్డ ప్యాకింగ్ మీద పరిచి, అది నానేదాకా వేరే పని చూసుకుంటాడు. తర్వాత తీస్తాడు తన ఆయుధం: విరిగిన హాక్సా బ్లేడు ముక్క, మూలలు గుండ్రంగా అరగదీసింది. దాన్ని దాదాపు పడుకోబెట్టి, తనవైపు లాగుతాడు. కాగితం పొరలు పొరలుగా లేచి వస్తుంది, లోహం మీద గాటు ఉండదు. ఆఖర్న కళ్లు మూసుకుని గోటితో చుట్టూ తడుముతాడు. స్టడ్ రంధ్రాల అంచు ఉబ్బితే ఆ గోటికి తెలిసిపోతుంది. అంత చెయ్యి నేనింకెక్కడా చూడలేదు!

కొత్త ప్యాకింగ్ దొరక్కపోతే షీటు పరిచి, అంచు వెంబడి బాల్‌పీన్ సుత్తితో తట్టి తనే కోసుకుంటాడు. రంధ్రాలకు బేరింగ్ గుండు పెట్టి ఒక్క దెబ్బ. షీటు మందం మాత్రం పాతదానితో సరిచూస్తాడు, ఎందుకంటే బోరు ఎత్తు మారితే పోర్టులు తెరుచుకునే వేళ మారుతుంది.

కొన్ని పాత ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. అలాంటివాటిని పొడిగా గీకకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఇప్పుడేం జరుగుతోంది? గ్రైండర్‌కు గరుకు బిళ్ల తగిలించి రెండు నిమిషాల్లో తళతళలాడిస్తున్నారు. ఆ మెరుపు చూసి ఓనరు మురిసిపోతాడు. బిళ్లనుంచి రాలిన రాపిడి పొడి బేరింగుల్లో చేరి వాటిని తినేస్తుంది. రుద్దిన చోట పల్లం పడుతుంది. ఆ పల్లం కప్పడానికి సిలికాన్ గమ్ము దట్టంగా పూస్తారు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో లోపలికి పొంగిన ఆ గమ్ము ఊడి ఆయిల్ దారికి అడ్డం పడితే హెడ్డుకు ఆయిల్ అందదు. దీన్ని రిపేరు అనడానికి నాకు నోరు రాదు.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. మరో టూ స్ట్రోక్ బండి యెజ్డీని చేసే మైసూరు ఫ్యాక్టరీ కూడా ఆ ఏడాదే మూతపడింది. పాడైన ఛాంబర్‌కు బదులు అసలైనది దొరకడం గగనం. కాబట్టి బండి ఉన్నవాళ్లకు నా మనవి: సాయంత్రానికల్లా ఇచ్చేయమని మేస్త్రిని తొందరపెట్టకండి. గ్రైండర్ వద్దని ముందే చెప్పండి, చేత్తో గీకినందుకు కూలి విడిగా ఇవ్వండి.