ఆరు నెలల నియమము - ఒక పరిశీలన

ఆరు నెలలకొకసారి పళ్ళ డాక్టరు వద్ద గార తీయించుకొనవలెనని తరచుగా వినుచుందుము. ఆరు నెలలే ఏల? పదునెనిమిది కాకూడదా? తరగతిలో ఒక కుఱ్ఱవాడు లేచి అడిగినచో ఏమి చెప్పవలెను?

2018లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష ఈ ప్రశ్ననే తీసికొన్నది. అందు లెక్కకు వచ్చినవి రెండే పరిశోధనలు. పాల్గొన్నవారు బ్రిటనులోని 1711 మంది పెద్దలు. ఆరు నెలలకొకసారి గార తీయించుకొన్నవారికిని, ఏడాదికొకసారి తీయించుకొన్నవారికిని, అట్టి నియమమే లేనివారికిని రెండు మూడేండ్ల పిమ్మట చిగుళ్ళ వాపులో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. గార మాత్రము కొంత తగ్గినది.

"అయితే గార తీయించుట దండుగ" అని కొందఱు తేల్చివేసిరి. ఇది తొందరపాటు. పరీక్షింపబడినవారెవరు? క్రమముగా దంతవైద్యునికి చూపించుకొనువారు, తీవ్రమైన చిగుళ్ళ జబ్బు లేనివారు. పన్ను పీకించుకొనవలసి వచ్చిననాడు తప్ప డాక్టరు గడప తొక్కని మనిషి, ఇరువది యేండ్ల గారతో ఉన్న మనిషి, ఆ లెక్కలో లేడు. మన ఊళ్ళలో అట్టివారే ఎందఱో! పైగా చిగురు క్రింది యెముక మెల్లమెల్లగా తరుగును. రెండు మూడేండ్లు దానికి చాలిన గడువు కాదు.

సమీక్ష మాట ఎంతవఱకు నిజమో తెలియుటకు 1965 నాటి ఒక ప్రయోగము చూడవలెను. డెన్మార్కులో లోయె అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఆరోగ్యమైన చిగుళ్ళు గల 12 మందిచేత పళ్ళు తోముట మాన్పించిరి. (వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే!) పది మొదలు ఇరువదియొక్క రోజులలో అందఱికిని చిగుళ్ళు వాచినవి. తిరిగి తోమగా సుమారు వారములో నయమైనవి. అనగా పాచితో పోరాటము దినదినమును జరుగవలసినది. ఏటికి రెండుమారులు చూచు డాక్టరు దానిని గెలువజాలడు.

కాని తోమక మిగిలిన పాచిలో లాలాజలములోని కాల్షియము, ఫాస్ఫేటు చేరి గట్టిపడినచో అదియే గార. దానిని బ్రష్షుగాని వేపపుల్లగాని కదల్పలేదు. దాని గరుకైన పైభాగము క్రొత్త పాచికి ఆటపట్టు. ఇక్కడ డాక్టరు పనిముట్టు తప్పదు.

"గార తీసిన పళ్ళు కదలును" అను భయమొకటి మనలో గట్టిగా నున్నది. పూర్తిగా కల్పన యనలేము. అట్లు తోచుట నిజమే. యెముక తరిగి అప్పటికే వదులైన పళ్ళను గార గోడవలె కలిపి పట్టియుంచును. అది పోగానే లోపము బయటపడును. వాపు తీసి చిగురు ముడుచుకొనగా సందులు కనబడును. కొన్నాళ్ళు చన్నీరు జివ్వుమనును. నింద మాత్రము డాక్టరుకు!

బ్రిటనులో 2004లో వచ్చిన నైస్ సంస్థ మార్గదర్శకములు పెద్దలకు పరీక్షల నడుమ వ్యవధిని 3 నెలల నుండి 24 నెలల వఱకు మనిషిని బట్టి నిర్ణయింపుమన్నవి. పొగ త్రాగువారికి, మధుమేహము గలవారికి చిగుళ్ళ జబ్బు ముప్పు హెచ్చు గనుక ఇది ఆరు నెలల గుడ్డిలెక్క కంటె మేలైనది. అయినను నాకొక కొఱత తోచుచున్నది. ఆ వ్యవధిని నిర్ణయించువాడు ఒకమారు నోరు చూచిన డాక్టరే గదా! ఎన్నడును చూపించుకొననివానికి ఆ లెక్క ఎక్కడ మొదలగును?