సీమగాయము

ముప్పదియేండ్లుగా అనువాదమే వృత్తిగా బ్రతుకుచున్న నన్ను తొమ్మిది దినములు ఒక్క వాక్యమువద్ద నిలిపివేసిన మాట ఒకటి కలదు, అది 'బ్లైటీ'. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సు దేశపు కందకములలో పోరాడిన యొక ఆంగ్లసైనికుని స్మృతులను నేనప్పుడు తెనిగించుచుంటిని. ఫిరంగిగుండు పగిలి మోకాలి క్రింది ఎముక చితికిన యువకుని స్ట్రెచరుపై మోసికొనిపోవుచుండగా, తోటివారు చుట్టును చేరి, వాని జేబులో సిగరెట్లు కుక్కి, వానికి 'బ్లైటీ' దొరికినదని, వాడెంతయో అదృష్టవంతుడని, దాచుకొనలేని అసూయతో వీడ్కోలు చెప్పుదురు. నా బల్లమీది చిన్న నిఘంటువు ఆ మాటకు సైనికుల యాసలో ఇంగ్లండు అని అర్థము చెప్పినది. నేను సందేహింపక 'నీకు ఇంగ్లండు దొరికింది' అని వ్రాసి పుట త్రిప్పితిని.

నా వ్రాతప్రతులను అచ్చునకు పోకమునుపు చదివిపెట్టు పెద్దాయన యొకరుండెడివారు. నంద్యాల ప్రాంతమువారు, తెలుగు పండితులుగా పనిచేసి, ఉద్యోగవిరమణానంతరము కుమారునియొద్ద మా యూర నివసించుచుండిరి. ఆంగ్లము ఆయనకు అంతగా రాదు. కనుకనే ఆయన చదువు నాకు అమూల్యము. మూలమును తలపోసికొని నా లోపమును తన తలపులో పూరించుకొను అవకాశము ఆయనకు లేదు. కాగితముపై నున్న తెలుగే ఆయనకు సర్వస్వము. ఆ వాక్యముకడ వ్రేలుంచి, "ఏంది నాయనా ఇది? కాలు పోయినోనికి ఇంగ్లండు దొరికేదేంది?" అని యడిగిరి.

"వాళ్ళది ఇంగ్లండే కదండీ మాస్టారూ" అంటిని.

"వాళ్ళదే అయితే, మళ్ళా దొరికేదేంది?"

నాకు సమాధానము తోచలేదు. తెలియని మాటను తెలిసినట్లుగా దాటిపోయితినని ఆ క్షణమున నాకు నిశ్చయమైనది. అనువాదకుడు పాఠకునికి చేయు అపచారములలో దీనిని మించినది లేదని నేను నేటికిని నమ్ముచున్నాను.

యుద్ధానంతరము ఆ సైనికుల మాటలను శ్రద్ధతో సేకరించినవారున్నారు. ఫ్రేజర్, గిబ్బన్స్ అనువారి సంకలనము 1925లోను, స్వయముగా ఆ యుద్ధములో సైనికులుగా పనిచేసిన జాన్ బ్రోఫీ, ఎరిక్ పార్ట్రిడ్జిలు బ్రిటిషు సైనికుల పాటలను, యాసను కూర్చిన గ్రంథము 1930లోను వెలువడినవి. అట్టివారు చేర్చిపెట్టిన సామగ్రినిబట్టి చూడగా, ఈ మాటకు ఒక అర్థముపై నొకటిగా పొరలు కనబడును. మొదటి పొర స్వదేశము. వానకు తడిసిన కందకములో పిక్కలదాక బురదలో నిలిచినవాని తలపునకు వచ్చు వీధియు, వంటయిల్లును, తల్లియు అందులో చేరును. ఆ పొరమీద సెలవు. పదిదినములు ఇంటికి పోయివచ్చుట. అన్నిటికంటె మీద, అన్నిటికంటె దయనీయముగ, గాయము. ప్రాణము తీయరాదు; కాని రణరంగమునకు సమీపముననున్న వైద్యశిబిరములో మానిపోవునంత చిన్నదియు కారాదు. శిబిరమునుండి రైలుమీద తీరపు ఆసుపత్రికి, అటనుండి ఓడమీద ఇంగ్లీషు కాలువ దాటించి స్వదేశపు ఆసుపత్రికి పంపక తప్పనంతటి గాయము, అదియే 'బ్లైటీ'. దొరుకుట యను క్రియ దానికి ఇట్లు కుదిరినది. పండ్రెండు రాళ్ళకు మామిడికాయ రాలినట్లు, ఎదురుచూచినవారికి చిక్కక, కోరని క్షణమున ఒకనికి దక్కు వస్తువది. దానికై ఓపిక పట్టలేక తన చేతిని తానే కాల్చుకొనినవారును ఉండిరి. సైన్యము దానిని నేరముగ నెంచి సైనికన్యాయస్థానములో విచారించెడిది. ఆ నేరమునకు కాగితములపై వ్రాయు మూడక్షరముల సంక్షేపమునే, ఎస్.ఐ.డబ్ల్యు. అని, సైనికకవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ తన కవిత కొకదానికి శీర్షికగా నుంచినాడు. యుద్ధము ముగియుటకు సరిగా ఏడు దినములముందు, 1918 నవంబరు 4న ఓవెన్ మరణించినాడు.

ఇంటనున్నవారు ఆ మాటను మరియొక రీతిగా వినిరి. 1916లో దానిని పల్లవిలో నిలుపుకొని సంగీతశాలలలో మారుమ్రోగిన పాటయొకటి పుట్టినది. అదే యేట సైనికులకు ఉచితముగా పంచు వినోదపత్రిక యొకటి ఆ పేరుతోనే వెలువడినది. పాటలో అది రైలెక్కి తల్లియొద్దకు పోవు ఉల్లాసము. స్ట్రెచరుమీద అది విరిగిన కాలు. రెండింటిని ఒకే మాట మోసినది.

ఇక దీని పుట్టుక. అరబీలో పాలకుని 'వాలీ' యందురు. వాని యేలుబడిలోని భూభాగము 'విలాయత్'. రక్షకుడు, ఆప్తుడు అను నర్థములిచ్చు అదే ధాతువునుండి పుట్టిన 'వలీ' మన జిల్లాలలో ముస్లిముల పేర్లలో నిత్యము వినబడునదే. ఒమాను, ఆఫ్ఘనిస్తానములలో నేటికిని పరిపాలనావిభాగములకు పేరు విలాయత్తే. మన దేశమున పారసీకము రాజభాషగా నున్న కాలమున ఈ మాట దూరదేశమునకు, క్రమముగా ఐరోపాకు, తుదకు ప్రత్యేకించి ఇంగ్లండునకు చెల్లినది. హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఆర్థర్ బర్నెల్ కలసి కూర్చి 1886లో వెలువరించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో ఈ మాటకు చోటున్నది. అచ్చులో దానిని చూడక బర్నెల్ నాలుగేండ్ల ముందే గతించినాడు. విలాయతీ వంకాయ యనగా టమాటా యనియు, విలాయతీ నీరనగా సోడా యనియు ఆ గ్రంథము చెప్పును. అందులోనే, ఆఫ్ఘనులు తరచుగా తమ దేశమును తామే విలాయత్ అందురని యొక చిన్న మాట కలదు. నేను దానిని మొదటిసారి చదివినపుడు గమనింపక పోయితిని. తిరిగి దానిని చేరుటకు వారము పట్టినది.

ఉత్తరాదిని వకారము బకారమగుట క్రొత్త కాదు. వంగము బంగాళమైన త్రోవనే విలాయతీ బిలాయతీ అయినది. భారతదేశపు శిబిరములలో ఏండ్లకేండ్లు గడపిన తెల్లసైనికుని నాలుకపై నడుమ అచ్చులు కరగిపోయి, తుది ఇకారము మాత్రము ముద్దుపేరునకు చివరనుండు ధ్వనివలె మిగిలి, 'బ్లైటీ' నిలిచినది. ఆ శిబిరముల మాటలు మరికొన్నియు ఫ్రాన్సునకు పోయినవి. స్వల్పమైన గాయమును, శ్రమలేని కొలువును కూడ 'కుషీ' యనుట మన ఖుషీనుండి వచ్చినదే. నాసిక్ దగ్గరి దేవలాలిలో ఇంటికి పోవు ఓడలకై నెలలతరబడి కనిపెట్టుకొని మతిచలించినవానికి 'డూలాలీ టాప్' పట్టినదందురు. అందలి టాప్ మనకు తెలిసిన తాపమే, జ్వరము. 1914లో ఫ్రాన్సునకు పోయిన పాత పటాలములవారు ఈ మాటలను వెంటగొనిపోగా, భారతదేశమును కలలోనైన చూడని క్రొత్త కుర్రలు వీనిని స్వభాష యనుకొని నేర్చినారు. మన నోట పరాయిదేశమని అర్థమిచ్చు మాట, దానిని మననుండి విని నేర్చిన పరాయివాని నోట ఇల్లు అయినది.

ఇంతవరకు తెలిసిన పిమ్మటనైన వాక్యము సాగినదా యనిన, సాగలేదు. 'ఇంటిగాయం' అని వ్రాసి చూచితిని. ఇంటిలో తగిలిన దెబ్బ యనిపించినది. 'ఇల్లు చేర్చే దెబ్బ' అని వ్రాసితిని. అర్థము కుదిరినది గాని, స్ట్రెచరు ప్రక్కన పరుగెత్తు కుర్రవాడు అంత విడమరచి పలుకడు. 'బ్లైటీ' యనియే యుంచి క్రింద వివరణ వ్రాయుట సులభము. కాని మాస్టారివంటి పాఠకుడు ఆ యువకుని ముఖమును విడిచి పుట అడుగునకు దిగి, తిరిగి పైకి వచ్చునప్పటికి స్ట్రెచరు వెళ్ళిపోయి యుండును.

విలాయతీకి సాటివచ్చు మాట తెలుగున ఉన్నదని నాకు తెలియకపోలేదు. అది 'సీమ'. సీమదొర, సీమబట్టలు, సీమసుద్ద, సీమవంకాయ. మా అమ్మమ్మగారి దొడ్డిలో మేము రాళ్ళు రువ్వి రాల్చుకొని తినిన సీమచింత. ఆ చెట్టు మెక్సికో, మధ్య అమెరికాలనుండి వచ్చినది. హిందీవారు దానినే విలాయతీ ఇమ్లీ యందురు. రెండు భాషలును సంప్రదించుకొనకయే చింతకాయకు ఒకే విశేషణమును తగిలించినవి. మొక్కపాటివారి నవలలోని పార్వతీశము మొగలితుర్రునుండి బయలుదేరి పోయినదియు సీమకే. స్వదేశీ యుద్యమకాలమున మంటలో వేసినదియు సీమగుడ్డలనే. కనుకనే నేనా మాటకు జంకితిని. తెలుగువాని చెవికి సీమ యనగా సముద్రమున కావలిది, మనది కానిది. దానిని ఇల్లు తలంచుకొని ఏడ్చు కుర్రవాని నోట ఎట్లు పెట్టుదును?

తొమ్మిదవనాటి సాయంకాలము మాస్టారు చేతిసంచితో మా గుమ్మమున నిలిచి, మనుమరాలి పెండ్లిచూపులున్నవనియు, నాలుగుదినములలో తిరిగి వత్తుననియు చెప్పుచు, "సీమకు పోయొస్తా నాయనా" అనిరి.

ఆయన ఆ మాటను అంతకు మునుపు నూరుసారులు నాతో అనియుందురు. దత్తమండలము అను పేరును విసర్జించి, 1928లో నంద్యాల సభలో రాయలసీమ యని పేరు పెట్టుకొనిన నేలకు ఆయన పోవుచుండిరి. సంస్కృతమున సీమ యనగా హద్దు. హద్దులోని నేల సీమ, పలనాటిసీమ, కోనసీమ. హద్దునకు ఆవలి నేలయు సీమయే, దొరలసీమ. విలాయత్ అను మాటయు పాలకుని హద్దులోని నేలగా మొదలై దూరదేశము నంటినది. ఆ నిఘంటువు చెప్పినట్లు ఆఫ్ఘనునకు అది ఇల్లే. నిఘంటువులో నేను దాటిపోయిన యా చిన్న మాట, మాస్టారి నోట, చేతిసంచితో నా గుమ్మమున నిలిచియున్నది. ఆయన బస్సెక్కకముందే నేను వాక్యమును దిద్దితిని: "నీకు సీమగాయం దొరికిందిరా." తిరిగి వచ్చి చదివి ఆయన ఏమియు అడుగలేదు; కన్నద్దములు తీసి తుడుచుకొని తరువాతి పుట త్రిప్పిరి. నా వృత్తిజీవితమున నాకు లభించిన ప్రశంసలలో దానిని నేను మొదట చెప్పుకొందును.

నేను తెనిగించిన ఆ స్మృతిగ్రంథములోనే పండ్రెండు పుటల యనుబంధ మొకటి కలదు. అందున్నవి మన సిపాయిల జాబులు. లాహోరు, మీరట్ డివిజనులు 1914 శరత్తులో మార్సేల్సున దిగినవి. మొత్తముమీద లక్షకు పైగా భారతీయులు ఫ్రాన్సున పనిచేసినారు. వారిలో గాయపడినవారిని కొందరను బ్రైటన్ పట్టణమున, గుమ్మటములతో మన దేశపు కట్టడమువలె కనబడు రాజభవనమును ఆసుపత్రిగా మార్చి, 1914 డిసెంబరునుండి అందుంచినారు. అదే ఓడ, అదే కాలువ, అదే గాయము. వారు చేరినది ఆంగ్లసైనికుడు కలవరించిన బ్లైటీయే. వారు తమ జాబులలో దానిని విలాయతు అనిరి. వారి ఇల్లు ఇంకను నెలప్రయాణము దూరమున నున్నది. గాయము మానినవారిని మరల కందకములకే పంపుచున్నారని ఆ జాబులలో పలుమారు వినబడు బాధ. సైన్యమువారు జాబులను తెరచి చదివి, కొన్నిటిని అనువదించి, నమోదు చేసికొనుటచేతనే అవి నేటికి మిగిలినవి. కోలుకొనక అక్కడనే మరణించిన హిందువులలో, సిక్కులలో 53 మందిని పట్టణము వెలుపలి గుట్టలపై దహనము చేసినారు. ఆ చోట తెల్లరాతి ఛత్రి 1921లో వెలసినది.

అచ్చుప్రతులు వచ్చినప్పుడు, ముద్రణాలయములో ప్రూఫులు దిద్దు యువకుడొకడు, శ్రద్ధగలవాడు, మార్జినులో పెన్సిలుతో ఇట్లు వ్రాసి పంపినాడు: "అయ్యా, 112వ పుటలో సీమ అన్నారు, అనుబంధంలో విలాయతు అన్నారు. రెండూ ఒకటే దేశం కదా, ఒకే మాట పెట్టమంటారా?" ఆంగ్లసైనికుని పుట నొకచేతను, సిపాయి జాబు నొకచేతను పట్టుకొని చాలసేపు కూర్చుంటిని. పిమ్మట ఆ పెన్సిలు వ్రాత క్రింద, ఎఱ్ఱసిరాతో, రెండును ఉండవలెనని వ్రాసి పంపితిని.