పాటకు బలమిచ్చే రాగి చుట్లు

యాంప్లిఫయర్ బాగా పాడితే మెచ్చుకోలంతా ఐసీకో, ట్రాన్సిస్టర్లకో పోతుంది. నిజానికి స్పీకర్‌ను కదిలించే కరెంటంతా పవర్ సప్లై నుంచే వస్తుంది. ట్రాన్సిస్టర్లు దాన్ని పాటకు తగ్గట్టు వదులుతాయంతే. అందుకే నా మొదటి నమస్కారం ఆ సప్లైలోని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే పనివాళ్లకు.

ఆ పని దగ్గర నుంచి చూడాలి. బాబిన్ మీద రాగి తీగ చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీదికొకటి ఎక్కకుండా, వేలితో బిగువు చూసుకుంటూ వేస్తారు. వరుసకూ వరుసకూ మధ్య ఇన్సులేషన్ కాగితం. తర్వాత ఇంగ్లీషు E, I ఆకారపు రేకులు గట్టిగా దూర్చి, వార్నిష్ పట్టించి ఆరబెడతారు. రేకు వదులైతే ట్రాన్స్‌ఫార్మరే గుయ్యిమంటుంది.

24-0-24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వాడితే డయోడ్లు దాటాక అటూ ఇటూ దాదాపు 33 వోల్టులు వస్తాయి. మన 50 హెర్ట్జ్ కరెంటు అక్కడ సెకనుకు 100 సార్లు ఎగుడుదిగుడవుతుంది. ఆ గుంటలు పూడ్చేవి పెద్ద కెపాసిటర్లు. అవి చాలకపోతే స్పీకర్‌లో హమ్మింగ్. ట్రాన్స్‌ఫార్మర్ తీగ సన్నదైతే డోలు దెబ్బ పడిన క్షణాన వోల్టేజి కుంగి, ఆ దెబ్బ చప్పబడిపోతుంది.

హైదరాబాద్ కోఠిలో యాంప్లిఫయర్ బోర్డు కొనేవాళ్లకు నా మాట ఒక్కటే: ముందు మంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు డబ్బు పెట్టండి. రాగి తగ్గించకుండా చుట్టే మనిషి దొరికితే, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.