కనిపించని విమానం, వినిపించే గొప్పలు

సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో కలిపి ఇరవై మంది మన సైనికులు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరులయ్యారు. చైనా సైనికులతో జరిగిన ఆ ఘర్షణలో ఒక్క తూటా పేలలేదు. నెలన్నర తిరగకముందే, జూలై 29న, ఫ్రాన్స్ నుంచి కొన్న తొలి ఐదు రఫేల్ యుద్ధవిమానాలు అంబాలాలో దిగాయి. అక్కణ్నుంచి మాటల యుద్ధం మొదలైంది. మన రఫేల్ గొప్పదా, చైనా స్టెల్త్ విమానం జె-20 గొప్పదా? మిర్యాలగూడలో కూర్చుని ఆ మాటలు పత్రికల్లో చదివినవాణ్ణి. అవి విన్నంత తేలిగ్గా నమ్మదగ్గవి కావని ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తోంది.

మన వైపు గట్టిగా మాట్లాడింది మాజీ వాయుసేనాధిపతి బి.ఎస్. ధనోవా. జె-20 ముందు భాగంలో ఉండే చిన్న రెక్కలు, అంటే కెనార్డ్‌లు, దాన్ని రాడార్‌కు పట్టిస్తాయని, నిజంగా ఐదో తరం, అంటే స్టెల్త్ తరం, విమానమైతే అవెందుకని నిలదీశారు. అటువైపు గ్లోబల్ టైమ్స్ పత్రిక రఫేల్ ఒక తరం వెనకబడిందని, జె-20 ముందు నిలవలేదని తమ నిపుణుల చేత చెప్పించింది. ఈ రెండింటిలో ధనోవా వాదనే మేలు. విమానంలో ఫలానా చోట లోపముందని ఆయన వేలెత్తి చూపారు. చైనా పత్రికది ఉత్త తరాల లెక్క.

అయితే ఇదే ధనోవా 2018లో పదవిలో ఉండగా, మన సుఖోయ్-30 రాడార్ జె-20ని చాలా కిలోమీటర్ల దూరం నుంచే పసిగడుతుందన్నారు. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. స్టెల్త్ అంటే మాయమైపోవడం కాదు. రాడార్ తరంగాలను పక్కకు మళ్లించే ఆకారం, కొన్నిటిని పీల్చేసుకునే పూత, అంతే. విమానం నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పదివేలో వంతుకు తగ్గించినా, రాడార్ దాన్ని పట్టుకునే దూరం పదో వంతుకే తగ్గుతుంది. కాబట్టి ఎంతటి స్టెల్త్ విమానమైనా ఏదో ఒక దూరంలో కనబడి తీరుతుంది. ఎంత దూరంలో అన్నదే అసలు ప్రశ్న. ఆ అంకె ఆయన చెప్పలేదు. పైగా శాంతికాలంలో ఇలాంటి విమానాలు తమ ప్రతిధ్వనిని కావాలనే పెంచుకునే చిన్న పరికరం తగిలించుకుని ఎగరడం మామూలే. తమ అసలు రూపు ఎదుటివాడికి చిక్కకూడదని ఆ జాగ్రత్త. అలాంటప్పుడు చూశామని చెప్పినా ఏమీ రుజువు కాదు. రుజువంటే 1999 మార్చి 27న జరిగింది: 1960ల నాటి సోవియట్ క్షిపణి వ్యవస్థతో సెర్బియన్లు అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117ను నేలకూల్చారు.

ప్రత్యర్థిని చిన్నచేసి చూపడంలో అమెరికా కూడా తక్కువ తినలేదు. 2020 నాటికి చైనా చేతిలో ఒక్క ఐదో తరం విమానమూ ఉండదని రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 2009 జూలైలో అన్నారు. అప్పుడాయన తమ ఐదో తరం విమానం ఎఫ్-22 తయారీని 187 దగ్గర ఆపించే పనిలో ఉన్నారు. చైనా చిన్నగా కనిపిస్తేనే ఆ కోత నెగ్గుతుంది. 2011 జనవరి 11న, గేట్స్ బీజింగ్‌లో ఉండగానే, జె-20 తొలిసారి గాల్లోకి లేచింది. 2017కల్లా సేవలో చేరింది. 2024 డిసెంబర్ 26న తోకలేని మరో కొత్త విమానం చెంగ్డూ మీద పట్టపగలు తిరిగింది. చైనా సైన్యం ప్రకటనలేమీ చేయకుండా ఆకాశాన్నే చూపించింది. నా దృష్టిలో దానికి మించిన ప్రకటన లేదు.

దాని పక్కన పెట్టి చదవాల్సింది 2025 జనవరిలో మన ఎయిర్ చీఫ్ మార్షల్ ఎ.పి. సింగ్ చేసిన ప్రసంగం. ఆయన చైనా విమానాల్ని తీసిపారేయలేదు. వాళ్లు కొత్త తరం విమానాలు ఎగరేస్తుంటే, 2001లోనే ఎగిరిన మన సొంత యుద్ధవిమానం తేజస్‌లు తొలి నలభై కూడా మనకు పూర్తిగా అందలేదని అందరి ముందే అన్నారు. ఇందులోనూ విమానాలు రాబట్టుకోవాలన్న వాయుసేన అవసరం ఉంది, కాదనను. అయినా ధనోవా ధీమా కన్నా ఈ ఆవేదనకే నేను ఎక్కువ విలువిస్తాను. జె-20 ఎంత దూరంలో కనబడుతుందో మీరూ నేనూ సరిచూడలేం. మనకెన్ని విమానాలున్నాయో మాత్రం ఎవరైనా లెక్కపెట్టవచ్చు.

వాయుసేనకు మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు, అంటే యుద్ధవిమానాల దళాలు. 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లు సెలవు తీసుకున్నాక మిగిలినవి 29. మన సొంత స్టెల్త్ విమానం ఆమ్కా రూపకల్పనకు 2024 మార్చిలో రూ.15,000 కోట్లు మంజూరయ్యాయి. అది వాయుసేన చేతికొచ్చేది 2035 ప్రాంతంలోనే.