ఖానందా గళంలో గజల్

అజర్‌బైజాన్ దేశపు సంప్రదాయ శాస్త్రీయ గానానికి ముఘామ్ అని పేరు. దానిని పాడే గాయకుని అక్కడివారు ఖానందా అంటారు. ఫారసీలో ‘ఖాందన్’ అనగా చదువుట. పాడుట అనే అర్థం కూడా దానికి కలదు. ఈ కళను గురించి వ్రాసేవారు తరచుగా రెండవ అర్థాన్నే పట్టుకొని, గాయకుని కంఠాన్ని పొగడి ఊరుకుంటారు. మొదటి అర్థాన్ని విస్మరిస్తే ఖానందా చేసిన సేవలో సగం మరుగున పడుతుంది.

ముఘామ్ బృందం చిన్నది. తార్ వాయించేవారొకరు, కమాంచా వాయించేవారొకరు, వారి నడుమ ఖానందా. అతని చేతిలో దఫ్ వంటి గవాల్ ఉంటుంది. రాస్త్, షూర్, సేగాహ్, చహార్‌గాహ్ మొదలైన ఏడు ప్రధాన ముఘామ్‌లు ఉన్నాయి. ప్రతి ముఘామ్ కొన్ని ఘట్టాలుగా మంద్రస్థాయి నుండి క్రమంగా పైకి పోతుంది. ఘట్టాల వరుస పరంపరగా వచ్చినదే గాని, వాటిలోని విస్తారం గాయకుని మనోధర్మం. ఏ ఘట్టంలో ఏ గజల్ చదవాలో ఎన్నుకొనే బాధ్యతా అతనిదే. కనుక కవిత్వం కంఠస్థం కానివాడు మంచి గొంతుగల పాటగాడు కావచ్చునేమో గాని ఖానందా కాలేడు.

19వ శతాబ్దంలో ఈ విద్యకు కరాబాగ్‌లోని షుషా పట్టణం కేంద్రమైంది. అక్కడ ఖర్రాత్ గులు అనే ఉస్తాద్, ముహర్రం మజ్లిస్‌లలో మర్సియాలు చదివేందుకు మంచి గొంతుగల బాలురను చేరదీసి ముఘామ్ నేర్పారు. హాజీ హుసు, జబ్బార్ గర్యాగ్దీఓగ్లు (1861–1944) వంటి ప్రసిద్ధులు ఆయన వద్ద నేర్చినవారే. మర్సియాలో మాట వినబడకపోతే వినేవారి కన్ను తడవదు. మాటకు ఇచ్చిన ఆ ప్రాధాన్యమే వారి గజల్ గానంలోకీ వచ్చింది. తబ్రీజ్ రాజధానిగా ఏలిన ఖరాఖోయున్లూ తుర్కుమానుల వంశీయులే గోల్కొండ కుతుబ్‌షాహీలు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో మర్సియాలు కూడా వ్రాశారు. మర్సియాకూ గజల్‌కూ గల చుట్టరికం మన పాఠకులకు కొత్త కాదు.

అసలు చిక్కు ఛందస్సులో ఉన్నది. అరూజ్ అరబీ భాష కోసం ఏర్పడినది; హ్రస్వ దీర్ఘాల భేదమే దానికి ఆధారం. అచ్చమైన అజర్‌బైజానీ మాటలలో ఆ భేదం లేదు. ఫుజూలీ (మరణం 1556) తుర్కీ గజల్‌ను చదివేటప్పుడు ఏ అచ్చును సాగదీయాలో తెలిస్తేనే బహర్ నిలుస్తుంది. ఉత్తమ ఖానందా ముందు ఈ కొలతను నిలుపుతాడు. జంగూలా అనే గమకాలు ఆ తరువాతివి. మద్‌ను ఎంతవరకు సాగదీయాలో ఉస్తాద్ నోటి నుండి నేర్చుకొనే తజ్వీద్ విద్యార్థికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. పోలిక శిక్షణకు మాత్రమే. రెండింటి స్థానాలు ఒకటి కావు.

ఈ నోటి విద్యకు విలువ ఎంతో లిపి చరిత్ర చెబుతుంది. అజర్‌బైజానీకి 1929లో అరబీ లిపి పోయి లాటిన్ వచ్చింది. 1940లో సిరిలిక్, 1991లో మళ్ళీ లాటిన్. అరబీ లిపిలో అలిఫ్, వావ్, యేలు కంటికి చూపే దీర్ఘాలు కొత్త అచ్చుప్రతులలో చాలావరకు కనుమరుగయ్యాయి. తాతగారి దీవాన్‌ను మనుమడు చదవలేని ఆ కాలంలో, ఫుజూలీ బహర్‌ను జనం చెవిలో నిలిపినవారిలో ఖానందాలు ముఖ్యులు.

ఉజేయిర్ హాజీబేయోవ్ ఈ సంగతి ముందే గ్రహించినట్లున్నారు. ఫుజూలీ కావ్యం ఆధారంగా రచించి 1908లో బాకూలో ప్రదర్శించిన ‘లైలీ మజ్నూన్’ ఒపేరాలో ముఘామ్ భాగాలను ఆయన స్వరలిపిలో వ్రాయలేదు. ఏ ముఘామ్ పాడాలో సూచించి, తక్కినది గాయకునికి వదిలివేశారు. ఇది రచనలోని లోపం కాదు. కాగితంపై పట్టుబడని దానిని ఉస్తాద్‌ల పరంపరకే అప్పగించిన వివేకం.

1957లో జన్మించిన ఆలిమ్ గాసిమోవ్‌కు 1999లో యునెస్కో సంగీత పురస్కారం లభించింది. 2003లో యునెస్కో ముఘామ్‌ను మానవాళి వారసత్వంలోని ఉత్తమ కళారూపంగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చింది. ఈ గౌరవం సముచితమే. అయితే గాసిమోవ్ శక్తిని ఆయన అందుకొనే పైస్థాయిలోనే వెదకడం పొరపాటు. మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్లు చదివే ఆరంభ ఘట్టాలలోనే ఆయన గొప్పతనం ఉన్నది. క్రోనోస్ అనే అమెరికన్ వాద్య చతుష్టయంతో కలసి చేసిన 2010 నాటి రికార్డులో మాధుర్యానికి లోటు లేదు. కాని భాష తెలియని శ్రోతకు అక్కడ గజల్ మరొక వాద్యధ్వనిగా మిగిలిపోయే ప్రమాదమున్నది. ప్రపంచం మెచ్చిన కొద్దీ మాట వెనక్కిపోతే, ఆ మెప్పు ఈ కళకు లాభం కాదు.

సంగీతం విషయమై ఉలమాలలో భిన్నాభిప్రాయాలు కలవు. వాటిని తీర్చడం సాహిత్య విమర్శ పని కాదు. కాని ముఘామ్‌ను ఉత్త వినోదమని తోసివేసేవారూ, ఉత్త స్వరమని మెచ్చేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు: ఇద్దరూ గజల్‌ను వినడం లేదు. ఫుజూలీని అనువదించదలచినవారు దీవాన్‌తో పాటు ఒక ఖానందా గానాన్ని కూడా దగ్గర ఉంచుకోవడం మేలు. కవి ఎక్కడ సాగదీయమన్నాడో, ఎక్కడ ఆగమన్నాడో అచ్చుప్రతి చెప్పదు.