పరమాణు భారంలో దశాంశాలు ఎక్కడివి?

క్లోరిన్ పరమాణు భారం 35.45 అని చదివిన విద్యార్థికి సందేహం రావాలి. కేంద్రకంలోని ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ లెక్కపెడితే పూర్ణసంఖ్యే వస్తుంది కదా, మరి ఈ దశాంశం ఎక్కడిది? ఐసోటోపుల సగటు అని ఒక్క మాటలో చెప్పి పాఠం ముందుకు సాగిపోతుంది. నిజానికి ఆగి ఆలోచించవలసింది ఇక్కడే. 17 ప్రోటాన్లున్న పరమాణువు ఏదైనా క్లోరినే. న్యూట్రాన్లు 18 ఉంటే దాని ద్రవ్యరాశి సంఖ్య 35, 20 ఉంటే 37; ఈ రకాలే ఐసోటోపులు. భూమ్మీది క్లోరిన్‌లో మొదటి రకం నూటికి దాదాపు 76 పాళ్లు, రెండోది 24. సరిగ్గా 35.45 తూగే క్లోరిన్ పరమాణువు ఒక్కటీ ఉండదు. ఆ సంఖ్య చెప్పేది ఈ భూమ్మీద ఏ రకం ఎంత ఉందన్న సంగతి.

దీనికి గట్టి సాక్ష్యం సీసం. పరమాణు భారాలను కొలిచిన బెర్జీలియస్ కాలం నుంచి రసాయన శాస్త్రవేత్తలు పరమాణు భారాన్ని మూలకానికి మారని గుర్తుగా నమ్మారు. 1914లో హార్వర్డ్‌లో థియోడర్ రిచర్డ్స్ యురేనియం ఖనిజాల్లోని సీసాన్ని తూచాడు. పద్ధతి ఓపికతో కూడినది: సీసపు లవణాన్ని పదేపదే స్ఫటికీకరించి శుద్ధి చేయడం, అందులోని క్లోరిన్‌కు ఎంత వెండి సరిపోతుందో కొలవడం. మామూలు సీసం 207.2 ఉండగా ఇది 206 చిల్లరే తేలింది. రసాయన గుణాల్లో మాత్రం రెండింటికీ తేడా కనబడలేదు. యురేనియం క్షయమై చివరికి ప్రధానంగా 206 సీసంగా, థోరియం 208 సీసంగా మిగులుతాయి. మన భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉంది. దాని నుంచి పుట్టే సీసం ఈ బరువైన 208 రకమే. అంటే తూకం సీసం పుట్టుకను చెబుతోంది. కేంబ్రిడ్జ్‌లో ఆస్టన్ 1919లో నిర్మించిన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ క్లోరిన్‌ను 35, 37 రేఖలుగా విడదీసి చూపడంతో ఈ వాదానికి ఎదురులేకపోయింది.

అయితే సగటు ఎందుకు, ద్రవ్యరాశి సంఖ్యలే చాలవా అనవచ్చు. చాలవు. చిటికెడు ఉప్పులోనూ లెక్కకందనన్ని పరమాణువులుంటాయి, రకం వారీగా ఏరి తూచడం మామూలు ప్రయోగశాలలో కుదిరే పని కాదు. పైగా ద్రవ్యరాశి సంఖ్య కణాల లెక్క మాత్రమే, బరువు కాదు. కేంద్రకం కూడినప్పుడు కొంత ద్రవ్యరాశి శక్తిగా వెళ్లిపోతుంది కాబట్టి క్లోరిన్-35 అసలు ద్రవ్యరాశి 34.969. 35, 37లతో సగటు కడితే 35.48 వస్తుంది, అసలు ద్రవ్యరాశులతో కడితేనే 35.45. ఈ 0.03 తేడాను అలక్ష్యం చేయడం పాఠాన్ని సగంలో వదిలేయడమే.

ఇలా చోటును బట్టి మారే సంఖ్యను ప్రమాణమనడం ఎలా అన్నది ఇంకో అభ్యంతరం. మామూలు ప్రయోగాలకు ఆ మార్పు అడ్డురానంత చిన్నది. మారుతుందన్న సంగతిని అంతర్జాతీయ రసాయన సంఘమే ఒప్పుకుని, 2021 పట్టికలో సీసానికి 206.14 నుంచి 207.94 వరకు అవధి ఇచ్చింది. మన పాఠశాలల గోడపట్టికల్లోనూ సీసం గడిలో ఆ రెండు సంఖ్యలనూ అచ్చువేయాలి.